మొట్టికాయ తలుపు మూసుకుంది

పళ్ళక్కకు ఆ పేరు పళ్ళు ఎత్తుగా ఉండి రాలేదు. ఆమె కట్టుడు పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో ముందు గదిలో కుర్చీ, లైటు, రోగి భయం ఉంటాయి. వెనక గదిలో పళ్ళక్క ఉంటుంది. డాక్టరు రోగి నోట్లో మెత్తటి ముద్ద అదిమి కొలత తీసి పంపిస్తే అందులో ప్లాస్టరు పోసి చిగుళ్ళ అచ్చు తీస్తుంది. ఆ అచ్చు మీద మైనంతో దవడ కట్టి పళ్ళు ఒక్కొక్కటే నిలబెడుతుంది. చివరికి మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీరంగు అక్రిలిక్ ముద్ద కూరి, ఇనప డబ్బాలో బిగించి ఉడకబెడుతుంది. వీధిలో ఎవరైనా పెద్దాయన ఎదురొచ్చి నవ్వితే ఆమె మొహం చూడదు, పళ్ళు చూస్తుంది. పైసెట్టు తనదే అనుకుని ముందుకు సాగిపోతుంది. ఆయనెవరో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు.

ఈ పనిలో ఆమెకున్న పట్టుదల ఒక్కటే, తొందర పనికిరాదని. పళ్ళు పీకించుకున్నవాళ్ళకు మర్నాటికల్లా సెట్టు కావాలి. పుండు మానాలి, మానిన చిగురు కుదురుకోవాలి, అంతవరకూ ఆగమంటే మొహాలు మాడ్చుకుంటారు. ఆమె మాత్రం తలుపు దగ్గర నిలబడి, "ఆగకపోతే సెట్టు వదులవుతుంది. వదులైతే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఆ ఆగేదేదో ఇప్పుడే ఆగండి" అని చెప్పి లోపలికి పోతుంది. ఉడికిన ఇనప డబ్బా సంగతైనా అంతే. దానంతటది చల్లారాలి. వేడి మీద తెరిస్తే సెట్టు వంకర తిరుగుతుంది, ఆ వంకర ఇక ఏం చేసినా పోదు. నిదానమే ప్రధానం అని అందరూ అంటారు గానీ, ఆ మాట మీద నిలబడి జీతం తీసుకునేవాళ్ళు తక్కువ.

ఆమె పెనిమిటిది అద్దాల షాపు. కిటికీలకూ బీరువాలకూ ఫోటోలకూ అద్దాలు కోసి బిగిస్తాడు, అడిగినవాళ్ళకు చేపల తొట్లు కూడా కట్టిస్తాడు. అద్దం కోయడంలో ఆలోచనకు చోటు లేదు. మొన ఆన్చామా, ఒక్క గీత గీశామా, ఫట్‌మని విరిచామా, అంతే. మధ్యలో ఆగితే అద్దం తనకిష్టమొచ్చిన దారిన పగులుతుంది. అందుకని అద్దాలాయన అన్నం తినడం దగ్గర్నుంచి పేపరు చదవడం దాకా అన్నీ ఒక్క గీతలో కానిచ్చేస్తాడు. మూత పెట్టిన గిన్నె కనిపిస్తే మూత తీసి చూడకుండా ఉండలేడు. ఆలస్యం అమృతం విషం అన్నది ఆయన మాట. ఈ రెండు సామెతలూ ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేశాయంటే, పొద్దున్నే ఒకటి షాపుకీ రెండోది క్లినిక్కుకీ వెళ్ళిపోవడమే కారణం.

అలాంటిది పళ్ళక్క సొంత పళ్ళే పోయాయి. చిగుళ్ళ జబ్బు. వాళ్ళమ్మ నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి అదొక్కటే. కొన్నేళ్ళుగా ఒక్కొక్కటే కదులుతుంటే నాలుకతో తడుముకుంటూ కాలక్షేపం చేసింది. చివరికి మిగిలినవన్నీ డాక్టరుగారే తీసేశారు. ఇంటికి వచ్చేటప్పుడు, అక్రిలిక్ పొడి ముక్కులోకి పోకుండా పనిలో కట్టుకునే మాస్కు కట్టుకుని వచ్చింది. ఆ మాస్కు ఇక తీయలేదు. గిన్నె పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గోడవైపు తిరిగి జావ తాగేది. మాటలు తగ్గించేసి ఊ, ఊహూఁలతో సంసారం నడిపింది. పళ్ళు పోయిన ఆమె నోటిని కట్టుకున్న మొగుడు కూడా చూడలేదు.

సిగ్గు అని ఒక్క మాటలో అనేయొచ్చు గానీ, అది సరిగ్గా సిగ్గు కాదు. పళ్ళు తీసేసిన మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బుగ్గలు లోపలికి పోతాయి, పైపెదవి ముడుచుకుంటుంది, గడ్డం పైకి లేస్తుంది. అలాంటి మొహాలను ఆమె ఇన్నేళ్ళూ జాలి లేకుండా చూసింది. ఎక్కడ ఎంత మైనం పెట్టాలా అని మాత్రమే చూసింది. ఆ చూపు తన మీద పడుతుందంటే ఆమెకు భయం. చిగుళ్ళు మానాక కొలత ఇవ్వాలి. కొలత ఇవ్వాలంటే ఎవరో ఒకరి ముందు నోరు తెరవాలి. తెరవకపోతే పళ్ళు లేవు, పళ్ళు లేకపోతే ఆ వెనక గదికి తిరిగి వెళ్ళడం లేదు. డాక్టరుగారు ఫోన్ చేసి, "మానగానే వచ్చెయ్యమ్మా, కొలత నేనే తీస్తాను" అంటే "చూద్దాం లెండి" అంది. చూద్దాం అన్నవాళ్ళు చూడరని అవతల ఆయనకూ తెలుసు.

కింది వాటాలో ఆడపడుచు ఉంటుంది, అద్దాలాయనకు అక్క, పళ్ళక్కకు వదిన. స్కూల్లో పెద్ద టీచరుగా చేసి రిటైరయింది. ఉద్యోగం పోయింది గానీ గొంతు పోలేదు. ఆమె నోట్లో ఉన్న సెట్టు పళ్ళక్క చేసిందే. రిటైరయ్యే రోజు ఫోటోలో నవ్వాలని, చిగుళ్ళు మానకముందే చేసిపెట్టమని మరదలి ప్రాణం తీసింది. ఫోటో బాగానే వచ్చింది. సెట్టు మాత్రం ఏడాది తిరక్కుండా వదులైంది. ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని గ్లాసులో పడేసి, "ఇదీ మా మరదలి పనితనం" అని వచ్చినవాళ్ళకు గ్లాసు చూపిస్తుంది. కొత్తది చేస్తానంటే ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఇక తిట్టడానికి ఏం మిగులుతుంది?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం అద్దాలాయన బిస్కెట్ల సీసా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఏమోయ్, ఇటు రా. ఇదేంటో చెప్పు చూద్దాం."

సీసాలో నీళ్ళు, నీళ్ళలో వేలంత పొడవున ఆకుపచ్చటి ప్రాణి. రొయ్యలా ఉంది, కానీ రొయ్య కాదు. ముందుచేతులు గొల్లభామలా మడిచి రొమ్ముకు ఆన్చుకుంది. కళ్ళు రెండూ రెండు పుల్లల చివర నిలబడి, ఒకటి ఆయన్నీ ఒకటి ఆమెనూ చూస్తున్నాయి.

"మాంటిస్ ష్రింప్ అంటారట. మన బ్యాంకాయన లేడూ, ఇంట్లో సముద్రపు చేపల్ని పెంచుతాడే, ఆయన తొట్టిలో వేసుకుందామని సముద్రపు రాయి కొన్నాడట. రాయి సందులో ఇది దాక్కుని వచ్చింది. చేపలు ఒక్కొక్కటే మాయం. ఆ చేతులు విప్పి కొట్టిందంటే నత్తగుల్ల పిండైపోతుందట! పారేస్తానంటుంటే నేనే తెచ్చాను. నువ్వు ఊరికే గోడ చూస్తూ కూర్చుంటున్నావుగా."

ఆ చివరి మాట ఆయన సీసావైపు చూస్తూ అన్నాడు. పళ్ళక్క మాస్కు వెనక నుంచి "ఊ" అంది. అంతకుముందు ఊ వేరు, ఈ ఊ వేరు. అది ఆయనకు అర్థమైంది.

మెట్ల మీద మనిషి అలికిడైతే వదిన రాకుండా ఉండదు. వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని సీసాను పరీక్ష చేసింది.

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదేరా తమ్ముడూ. అన్ని చేపల్ని మింగినదాన్ని ఇంటికి తెస్తావా?" అంటూ సీసా మీద వేలు పెట్టింది. లోపల్నించి టక్‌మని దెబ్బ పడింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో! నాకే మొట్టికాయా! నేను ఎంతమందికి మొట్టికాయలు వేసి పైకి తెచ్చానో తెలుసా దీనికి?"

ఆ పూటతో దాని పేరు మొట్టికాయ అయి కూర్చుంది.

అద్దాలాయన నోట్లో నువ్వుగింజ నానదు. బ్యాంకాయన చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ సాయంత్రమే వరసగా చెప్పేశాడు. అందులో ఒకటి చెబుతుంటే ఆయనకు నవ్వాగలేదు. "గాజు తొట్టి వద్దట! కొట్టి పగలగొడుతుందట! అక్రిలిక్ పెట్టాలట! వేలెడంత లేదు, నా అద్దం పగలగొడుతుందా?"

"అక్రిలికే కట్టండి" అంది పళ్ళక్క.

"నువ్వు పుట్టించే దవడలకు అక్రిలిక్ బాగుంటుందోయ్. అద్దాల షాపు వాడి ఇంట్లో ప్లాస్టిక్ తొట్టి ఉందని తెలిస్తే రేపు నా గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

కిటికీలకు కోయగా మిగిలిన పలకలతో ఆయన మర్నాటికి తొట్టి కట్టేశాడు. సముద్రపు ఉప్పు పొట్లం తెచ్చాడు, బకెట్లో కలిపాడు, ఉప్పు చూసే గొట్టం తేల్చి చూశాడు, ఇసక పోశాడు, రాయి పెట్టాడు, మోటారు బిగించాడు, మొట్టికాయను వదిలాడు. అంతా ఒక్క గీతలో అయిపోయింది. తొట్టి అందంగానే ఉంది, అది ఒప్పుకోవాలి. ఎండ కిటికీలోంచి పడినప్పుడు పక్క గోడ మీద నీటి వెలుగు ఆడేది. ఆ ఎండలోనే మొట్టికాయకు అద్దంలో తన నీడ కనబడేది. ఎదురుగా తనలాంటిదే ఇంకొకటి ఇల్లు ఆక్రమించడానికి వచ్చిందనుకుని, రోజూ అదే వేళకు, అదే మూల, టక్ టక్‌మని కొట్టేది. అద్దాలాయన షాపు నుంచి భోజనానికి వచ్చి ఆ దెబ్బలు వింటూ, "కొట్టుకోనీ, కొట్టుకోనీ" అని అన్నం కలుపుకునేవాడు.

ఒకరోజు అలా కలుపుకుంటుండగానే దెబ్బ శబ్దం మారింది. కింది నుంచి పైదాకా అద్దంలో గీత పడింది. ఆ గీత చూసి అద్దాలాయనకు ముందు కోపం రాలేదు. అంత నిటారుగా తనైనా గీయలేడనిపించింది. ఆ తర్వాత పలక రెండుగా విడింది, తొట్టెడు నీళ్ళూ హాల్లోకి వచ్చాయి. ఇసక, రాయి, చెప్పులు, పేపరు అన్నీ గుమ్మం వైపు బయల్దేరాయి. పళ్ళక్క టీ వడపోసే జల్లెడతో నేల మీద మొట్టికాయను పట్టి బకెట్లో వేసింది.

కింది నుంచి వదిన పళ్ళు పెట్టుకోవడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చింది. "ఇల్లు పీకి పందిరేస్తున్నార్రా? నా మంచం మీద వాన కురుస్తోంది! అదీ ఉప్పటి వాన!"

"రుచి చూశావా అక్కా?"

"చూడకుండా ఎలా తెలుస్తుందిరా!"

అద్దాలాయన పప్పులో కాలేశానని నోటితో అనలేదు. పగిలిన పలకలు ఏరుతూ, "కిటికీ అద్దం పలచన. షోకేసు అద్దంతో కడితే..." అని మొదలుపెట్టాడు.

"గాజైతేనేం, ప్లాస్టిక్కైతేనేం!" అంది వదిన. "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం!" అనేసి, మరదలి మాస్కు వైపు చూసి, టక్కున నోరు మూసుకుంది. ఆమె నోరు దానంతటది మూతపడడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

పళ్ళక్క గుడ్డతో నేల ఒత్తుతూ, "షీట్లు తెప్పించండి" అంది. ఆయన తెప్పించాడు.

మందపాటి అక్రిలిక్ షీట్లు భోజనాల బల్ల మీదికి ఎక్కాయి. ఆమె గుర్తులు పెట్టింది, ఆయన రంపంతో కోశాడు. ఎప్పుడూ ఒక్క గీతలో విరిచే చేతికి రంపం విసుగు పుట్టించింది. కోసిన అంచుల్ని ఆమె పళ్ళసెట్లకు వాడే ఆకురాయితోనే నున్నగా రుద్దింది. అంచుకు అంచు నిలబెట్టి, సిరంజిలో పట్టిన పలచటి ద్రవాన్ని సందు వెంబడి నడిపిస్తే, అది తనంతట తాను లోపలికి పాకి రెండు పలకల్నీ ఒకటి చేసింది. ఆయన అంతకుముందెప్పుడూ భార్య పని చేస్తుండగా చూడలేదు. నోరు తెరుచుకుని చూశాడు. చూసి, వెంటనే నీళ్ళ బకెట్ ఎత్తుకొచ్చాడు.

"ఏమిటది?"

"కారుతుందేమో చూద్దాం."

"ఆరనివ్వండి."

"పైన ముట్టుకుంటే ఆరిపోయిందిగా!"

"పైన ఆరుతుందండీ. లోపల ఆరాలి."

ఆయన తొట్టి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి ఆవిడ దాని మీద దుప్పటి కప్పేసింది. కంటికి కనిపించకపోతే ఆయనకు కొంత నయం.

ఈసారి నీళ్ళనూ ఆమే చూసుకుంది. ఇసక కడిగి పోసి, ఉప్పు కలిపి, బ్యాంకాయన ఇచ్చిన రాళ్ళు పేర్చి, మోటారు తిప్పి ఊరుకుంది. నీళ్ళు పండాలి అన్నాడు బ్యాంకాయన. అంటే మురికిని తినే కంటికి కనబడని పురుగులు ఆ రాళ్ళ మీద కాపురం పెట్టాలి, అప్పటిదాకా తొట్టిలో ఏ ప్రాణినీ వదలకూడదు. ఆ మాట పళ్ళక్కకు ఎంత నచ్చిందో! మొట్టికాయను ప్లాస్టిక్ బకెట్లోనే ఉంచి రోజూ నీళ్ళు మారుస్తూ, తొట్టి నీళ్ళు పండాయో లేదో కాగితం పట్టీ ముంచి రంగు చూస్తూ వారాలు గడిపింది. దాని ఇంటి కోసం పైపుల షాపులో దొరికే వంపు గొట్టం తెప్పించి, కాళ్ళు జారకుండా లోపలంతా ఆకురాయితో గరుకు చేసి, ఇసకలో సగం పూడ్చింది. చేతులకు పని దొరికేసరికి ఆమె ప్రాణం తెరిపిన పడింది. మాస్కు మాత్రం అలాగే ఉంది.

మొట్టికాయ కొత్తింట్లో దిగగానే గొట్టంలోకి వెళ్ళి, రెండు కళ్ళూ బయటపెట్టి, ఇల్లంతా ఒకసారి లెక్క చూసుకుంది. ఆ తర్వాత చిన్న చిన్న రాళ్ళు ఒక్కొక్కటే మోసుకొచ్చి గుమ్మం ముందు అరుగు కట్టుకుంది. చేపల బజారు నుంచి అద్దాలాయన బతికున్న నత్తలు తెచ్చేవాడు. నత్తను అరుగు దగ్గరకు లాక్కుని, గుల్లను అటూ ఇటూ తిప్పి, చోటు చూసుకుని కొట్టేది. ఆ దెబ్బకు అక్రిలిక్ చలించలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పళ్ళక్క తొట్టి ముందు కుర్చీ వేసుకుని మాస్కు తీసేది. మొట్టికాయ ఒక కన్ను ఆమె మీద, ఒక కన్ను నత్త మీద పెట్టి తన పని తను చేసుకునేది. ఎక్కడ ఎంత మైనం పెట్టాలా అని అది చూడదు.

చిగుళ్ళు మానాయి. వేలితో తడిమి చూసుకుంటే గట్టిగా, గుండ్రంగా, ఏ డాక్టరూ వంక పెట్టలేనంత బాగా మానాయి. స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని, ట్రేలో కొలతముద్ద వేసుకుని, అద్దం ముందు తన కొలత తనే తీసుకోబోయింది. ఒక చేత్తో బుగ్గ లాగి, ఇంకో చేత్తో ట్రే ఎక్కించి, ఒంటరిగా కదలకుండా పట్టుకోవడం కుదిరే పని కాదు. ముద్ద ఒక పక్కకు జారింది, డోకు వచ్చింది. తీసి చూస్తే అచ్చు అంతా అలుక్కుపోయి ఉంది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అంతే. ఎవరి వీపు వాళ్ళు చూసుకోలేనట్టే ఇదీనూ. ట్రే కడిగేసి మాస్కు కట్టుకుంది.

ఆ రోజుల్లోనే మొట్టికాయ నత్తను ముట్టడం మానేసింది. అరుగు మీది రాళ్ళన్నీ లోపలికి లాక్కుని, గొట్టం నోరు రెండువైపులా పూడ్చేసి, తలుపు మూసుకుంది.

బ్యాంకాయనకు ఫోన్ చేస్తే, "పెంకు మార్చుకుంటోందండీ" అన్నాడు. "పాతది విప్పేస్తే కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది. కొట్టలేదు, తప్పించుకోలేదు. అందుకే ఎవరికీ కనబడదు. దయచేసి తెరవకండి, తెరిస్తే దక్కదు."

పళ్ళక్క తెరవలేదు. ఎవర్నీ తెరవనివ్వలేదు. అద్దాలాయన షాపు నుంచి వస్తూనే తొట్టి ముందు వంగి, ఇటునుంచి చూసి, అటునుంచి చూసి, "ఒక్క రాయి జరిపి చూస్తే ఏం పోతుంది?" అనేవాడు. "ఊహూఁ" అనేది ఆమె. వదిన వచ్చి ముక్కు ఎగబీల్చి, "ఎప్పుడో చచ్చుంటుంది. వాసన నాకు తెలుస్తోంది" అనేది. ఆ వాసన సముద్రపు ఉప్పుదని చెప్పినా వినేది కాదు.

అదే సమయంలో డాక్టరుగారి ఫోన్ మళ్ళీ వచ్చింది. పని పేరుకుపోతోంది, ఇంకెవర్నైనా చూసుకోమంటావా, చెప్పు అన్నారు. పళ్ళక్క "మీ ఇష్టమండీ" అంది. ఫోన్ పెట్టేశాక అద్దాలాయన అంతవరకూ దాచుకున్నది ఒక్కసారిగా బయటపడింది.

"మీ ఇష్టం అని ఎలా అన్నావు? ఆ పని లేకుండా నువ్వు ఉండగలవా? అదంటే పెంకు లేక తలుపు మూసుకుంది. నీకేమైందని? నేను పరాయివాణ్ణా?"

ఆయనకు కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. ఈమె ఇక ఇలాగే ఉండిపోతుందేమోనని భయం. అద్దం ముక్క గుచ్చుకుంటే పీకేసి కట్టు కట్టడం ఆయనకు తెలుసు. దీనికి ఏం చేయాలో తెలియలేదు.

ఆ ఆదివారం పొద్దున పళ్ళక్క స్నానాల గదిలో ఉంది. మాస్కు కొక్కేనికి తగిలించి మొహం కడుక్కుంటుంటే, హాల్లోంచి బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు, వదిన గొంతు వినిపించాయి. "తొందరగా కానివ్వరా, చచ్చినదాని నీళ్ళు ఉంచితే ఇల్లంతా కంపే!"

ఆమె తడి మొహంతోనే బయటికి వచ్చింది. తొట్టిలో సన్నటి రబ్బరు గొట్టం వేసి ఉంది. నీళ్ళు సగానికి దిగిపోయాయి, ఇంకొంచెం ఉంటే మొట్టికాయ ఇంటి కప్పు గాలికి తేలుతుంది. బల్ల మీద పేపరు పరిచి, దాని మీద మొట్టికాయ. కళ్ళతో, మడిచిన చేతులతో, తోకతో, పూర్తిగా.

"చూడు, నేను చెప్పలేదూ" అంటోంది వదిన. అద్దాలాయన మొహం చిన్నబోయి ఉంది. నిజంగానే బాధపడుతున్నాడు.

"ఆపండి!" అని అరిచింది పళ్ళక్క. "గొట్టం తీసెయ్యండి! బతికే ఉంది అది!"

పళ్ళు లేని నోట్లోంచి ఆ మాటలు నున్నగా, అంచుల్లేకుండా వచ్చాయి. ఆమెకది తెలియదు. బల్ల దగ్గరికి వెళ్ళి పేపరు మీది మొట్టికాయను రెండు వేళ్ళతో ఎత్తి కిటికీ వైపు పట్టింది. అవతలి వెలుగు దానిలోంచి కనబడింది.

"బరువు చూడండి. లోపల ఏముంది? ఏమీ లేదు. ఇది విప్పేసిన పెంకు. కళ్ళ మీది పొరతో సహా విప్పి బయటికి తోసేసి, మళ్ళీ తలుపు మూసుకుంది. ఇన్నేళ్ళు అచ్చులు పోసినదాన్ని, ఏది అచ్చో ఏది మనిషో నాకు తెలియదా?"

అద్దాలాయన రబ్బరు గొట్టం లాగేశాడు. పెంకంటే గుడ్డుపెంకులా ముక్కలై రాలుతుందని ఆయన అనుకున్నాడు, ఇలా ఊడిన చొక్కాలా నిలువెత్తున వస్తుందనుకోలేదు. కానీ ఇప్పుడు ఆయన పెంకును చూడడం లేదు. భార్య మొహం చూస్తున్నాడు.

అప్పుడు ఆమెకు తెలిసింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఆ చేతిలో పెంకు ఉంది, నలుగుతుందని మళ్ళీ దించింది. ఎటు తిరగాలో తోచక అలాగే నిలబడింది. ఆమెకు ఏడుపొచ్చింది, వాళ్ళ మీద కోపమూ వచ్చింది.

వదిన తన పైసెట్టూ కిందిసెట్టూ టపటపా తీసి పేపరు మీద పెట్టింది. "నన్ను చూడవే. ఇప్పుడు మనిద్దరం ఒక తల్లి పిల్లల్లా లేమూ?" అంది. ఆమె మాటలూ అలాగే నున్నగా వచ్చాయి.

"ఇన్నాళ్ళూ దాచింది ఇదేనా?" అన్నాడు అద్దాలాయన. ఆ గొంతులో ఎగతాళి లేదు. అంత ఇదిగా దాచినది ఇంకేదో ఘోరమై ఉంటుందని ఆయన నిజంగానే అనుకున్నాడు. "నేనేమో... సరే. ముందు నీళ్ళు. ఉప్పు ఎంత కలపమంటావు?"

"కొలిచి కలపాలి. తొందర పడకండి."

ముగ్గురూ కలిసి నీళ్ళు కలిపారు. ఉప్పు చూసే గొట్టం తేల్చి సరిచూసి, చెంబుతో అంచు వెంబడి, ఇసక లేవకుండా పోశారు. మొట్టికాయ ఇంటి తలుపు కదల్లేదు. లోపలిది బతికే ఉందని ఆమె గట్టిగా అంది గానీ, సగం నీళ్ళు పోయాక ఎలా ఉందో ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఆ రోజూ మర్నాడూ తలుపు తెరుచుకోలేదు. పళ్ళక్క మాస్కు కొక్కేనికే ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున ఆమె కుర్చీని తొట్టి పక్కన వెలుగులోకి జరిపి, గిన్నెలో కొలతపొడి పోసి, ట్రే కడిగి పెట్టింది. "ఏమండీ, చేతులు కడుక్కుని రండి."

"నేనా?" అన్నాడు ఆయన. "డాక్టరుగారు ఉన్నారుగా."

"ఆయన దగ్గరికి పోతాను. పళ్ళతో పోతాను. మీరు చేయాల్సింది ఏం లేదు, కదలకుండా పట్టుకోవడమే. ముద్ద గట్టిపడేదాకా వేలు కదిలినా కొలత పోతుంది. నేను తల ఊపితేనే తీయాలి."

"నేను పట్టుకుంటాలే, వాడి సంగతి నీకు తెలియదా?" అంది వదిన నీళ్ళగ్లాసుతో నిలబడి.

"ఆయనే పట్టుకుంటారు వదినా."

ముద్ద కలిపి ట్రే నింపి ఆయన చేతికిచ్చి, పళ్ళక్క నోరు తెరిచింది. పూర్తిగా తెరిచింది. అద్దాలాయన వంగి, బుగ్గ ఇంత పక్కకు లాగి, ట్రే లోపలికి పెట్టి, ఆమె చూపించినట్టు రెండు వేళ్ళతో పైకి ఆన్చి పట్టుకున్నాడు. ఆయన వేళ్ళ మీద పాత అద్దాల గాట్లు ఆమె పెదవికి తగిలాయి. ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి "తీయనా?" అన్నాడు. ఆమె కళ్ళతోనే వద్దంది. నుదుటి మీద చెమట దిగి ఆయన కనుబొమ్మ మీద ఆగింది. తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి లేదు, అది ఆమె గడ్డం కింద ఉంది.

అప్పుడు పక్కన తొట్టిలో రాళ్ళు జరిగిన చప్పుడైంది. తర్వాత, టక్.

వదిన గ్లాసు బల్ల మీద పెట్టి ఒక్క అంగలో తొట్టి దగ్గరికి వెళ్ళింది. "ఒరేయ్! తలుపు తీసిందిరా! బయటికొస్తోంది! అబ్బ, ఒళ్ళంతా కొత్తరంగు, తళతళలాడుతోందిరా! తమ్ముడూ, ఇటు చూడరా!"

తొట్టి ఆయన భుజం పక్కనే ఉంది. మెడ ఇంత తిప్పితే చాలు. పళ్ళక్క కింది నుంచి ఆయన కళ్ళలోకి చూస్తోంది. మూత పెట్టిన గిన్నె ఏనాడూ వదిలిపెట్టని మనిషి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చూడరా, మళ్ళీ లోపలికి పోతుంది!"

ఆయన తల తిప్పలేదు. వేళ్ళు కదల్లేదు.

"ఉండక్కా," అన్నాడు. "ఇంకా గట్టిపడలేదు."